గంటస్తంభం పక్కన మేడ మీద టీ కొట్టు: టీకి ఐదు మార్కులు, వాదనకి తొమ్మిది

విజయనగరం గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వస్తుంటే ఒక జెరాక్స్ షాపు ఉంటుంది. దాన్ని ఆనుకొని, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. ఆ మెట్ల పైన ఈ టీ కొట్టు. బోర్డు లేదు, ఫోన్లో మ్యాపు తీసి వెతికినా దొరకదు. కింద బజ్జీల బండి దగ్గర అడిగితే "ఫుట్‌బాల్ గుంటల కొట్టేనా?" అని గరిటెతో పైకి చూపిస్తాడు. గుంటలని (మా వైపు కుర్రాళ్ళని అలా అంటారు) అంటాడు గానీ, పైన కూర్చునేవాళ్ళలో సగం మందికి జుట్టు నెరిసిపోయింది.

ముందే చెప్పేస్తాను. మ్యాచ్ చూడ్డానికే అయితే ఇక్కడికి రావద్దు, ఇంట్లో చూసుకోండి. ఎవడు ఏ క్లబ్బుకి పోతాడు, ఎంతకి పోతాడు, ఏ కోచ్ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుంది అని గొంతు బొంగురుపోయేదాకా వాదించుకోవాలనుంటే మాత్రం మన రెండు జిల్లాల్లో నాకు తెలిసి ఇంత మంచి చోటు లేదు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల కూడా వెతికాను. అక్కడ టీ ఇంతకన్నా బాగుంటుంది. మాట మాత్రం క్రికెట్ దాటి రాదు.

నా సంగతి చెప్పాలి కదా. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. నెలలో ఇరవయ్యో తారీకు దాకా జీఎస్టీ రిటర్నులు, సెప్టెంబరంతా టాక్స్ ఆడిట్లు. మధ్యలో ఊపిరాడిన సాయంత్రాలు ఇక్కడ. మొదట మా తమ్ముడు తీసుకొచ్చాడు. వాడు బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, నేను రావడం మానలేదు. ఇంగ్లండు క్లబ్బు అర్సెనల్ మనిషిని, కోచ్‌గా వెంగర్ ఉన్న రోజుల నుంచి. అంటే ఈ కొట్టులో అందరి నోటా పడే మనిషిని. నేను మెట్లెక్కగానే "ఒక్క పౌను అక్క వచ్చీసింది" అంటారు. ఆ పేరెందుకు వచ్చిందో ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళకి అర్థమైపోతుంది. 2013లో లూయిస్ సువారెజ్ కోసం అర్సెనల్ లివర్‌పూల్‌కి పంపిన ఆఫరు సరిగ్గా 4,00,00,001 పౌన్లు. నాలుగు కోట్లు దాటితే చాలు, కాంట్రాక్టులో రాసుకున్న మాట ప్రకారం వదిలేస్తారని లెక్క వేసుకున్నారు. లివర్‌పూల్ వదల్లేదు. ఏడాది తిరక్కుండా బార్సిలోనాకి దాదాపు ఆరున్నర కోట్ల పౌన్లకి అమ్ముకుంది. ఆ ఒక్క పౌను మాత్రం నా నెత్తిన పడింది.

టీవీ సంగతి ముందు తేల్చేద్దాం. నలభై మూడు అంగుళాలది, పాతది, ఎడమ పక్క స్తంభం అడ్డు. నెట్టు ఏ కంపెనీదో చెప్పను గానీ, కింద సందులో ఫోన్ పట్టుకున్న కుర్రాడు గోల్ అని అరిచేసరికి మా టీవీలో ఇంకా కార్నర్ కొట్టడానికి బంతి సర్దుతుంటారు. ఆ అరుపు మురిపెంగా ఉందా, ఏడుపుగా ఉందా అన్నదాన్ని బట్టి ఎవరు కొట్టారో ముందే తెలిసిపోతుంది. టైములు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకి ఎండాకాలం టైములో ఏడున్నరకి. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక ఎనిమిదిన్నరకి. సాయంత్రం ఐదున్నర మ్యాచ్ మనకి పదికి మొదలయ్యేది పదకొండుకి పోతుంది. ఓనరు మామూలుగా పదకొండుకి షట్టరు దించుతాడు. అంటే పదింటి మ్యాచ్ సగమే చూస్తాం, నవంబరు నుంచి అదీ ఉండదు, ఛాంపియన్స్ లీగ్ అసలుండదు. అర్ధరాత్రి దాటాక తెరిచి ఉంచమంటే "బీటు పోలీసు మావాడు కాదమ్మా" అంటాడు.

టీ: అల్లం టీ పదిహేను రూపాయలు. రాత్రి ఏడు లోపు తాగితే బాగుంటుంది. తర్వాత మరిగినదాన్నే మళ్ళీ మరిగిస్తాడు, పంచదార చేతికి వచ్చినంత. కాఫీ అడగొద్దు. బ్రెడ్ ఆమ్లెట్ మంచిది, పచ్చిమిర్చి ధైర్యంగా వేస్తాడు. ఉల్లి పకోడీ వాడిది కాదు, కింద నుంచి తెప్పిస్తాడు. ముంత మసాలా మీరే తెచ్చుకొని తిన్నా ఏమీ అనడు.

ఇక అసలు సంగతి. టీవీ పోయినా ఈ కొట్టు నడుస్తుంది, పుస్తకం పోతే నడవదు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం అది. ముందు వైపు నుంచి తెరిస్తే ఎవరు ఎన్ని టీలు బాకీయో ఉంటుంది. తిరగేసి వెనక నుంచి తెరిస్తే పందాలు. డబ్బు పందెం లేదు, ఆ విషయంలో ఓనరు చాలా గట్టి. టీలు, పకోడీ ప్లేట్లు, మహా అయితే ఆమ్లెట్టు. గీతలు గీసి గళ్ళు చేశాడు: తారీకు, ఆటగాడు, వస్తాడా రాడా, అన్నదెవరు, కాదన్నదెవరు, ఎన్ని టీలు, సంతకం. పేర్లు చెవికి ఎలా వినబడితే అలా రాస్తాడు. విర్ట్జ్ "విర్జు" అయ్యాడు, యోకెరెస్ "గోకరేసు" అయ్యాడు. తేలిపోయిన పందెం మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత. ఆ పెన్ను ఓనరు చొక్కా జేబులోంచి బయటికి రాదు.

నోటితో అన్నది ఇక్కడ చెల్లదు. "నేనప్పుడే చెప్పీనాను గదా" అని ఎవరైనా మొదలుపెడితే మిగతావాళ్ళంతా ఒకే గొంతుతో "పుస్తకంలో ఉందేటి?" అంటారు. ఫోన్లలో రోజుకి వంద పుకార్లు తిరిగే రోజుల్లో ఈ ఒక్క ప్రశ్న ఎంత శుభ్రం చేస్తుందో చూస్తేగానీ తెలీదు. సగం పుకార్లు సంతకం దాకా రాకుండానే చచ్చిపోతాయి.

ఆడిటర్ ఆఫీసు మనిషిని కదా, ఓసారి ఆ వెనక వైపంతా కూర్చొని తిరగేశాను. మొదటి పేజీలో మొదటి పద్దు 2015 ఆగస్టు 31. "డిగియా మాడ్రిడ్ ఎల్లిపోతాడు, యునైటెడ్ మావయ్య, నాలుగు టీలు." యునైటెడ్ మావయ్య అంటే ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మాంచెస్టర్ యునైటెడ్ పిచ్చి. ఆ రోజు ఏమైందో తెలిసిందే. యునైటెడ్, రియల్ మాడ్రిడ్ రెండూ ఒప్పుకున్నాయి, అక్కడి గోల్‌కీపరు కేలర్ నవాస్ ఇటు రావాలి, ఇక్కడి గోల్‌కీపరు దవీద్ డి గియా అటు పోవాలి. కాయితాలు స్పెయిన్ గడువు దాటాక చేరాయి, ఒప్పందం చచ్చిపోయింది. తప్పు మీదంటే మీదని రెండు క్లబ్బులూ ప్రకటనలు ఇచ్చుకున్నాయి. ఇక్కడ మావయ్య కూడా ప్రకటన ఇచ్చాడు: ఒప్పందం కుదిరింది కాబట్టి గెలిచింది తనే అని. అప్పుడు ఓనరు ఆ పేజీ కిందనే ఒక లైను రాశాడు, ఇప్పటికీ అదే చట్టం: "రిజిస్ట్రేషన్ అయితేనే వచ్చినట్టు."

ఆ చట్టానికి పరీక్షలు బాగానే వచ్చాయి. 2017లో లెస్టర్ వాళ్ళు ఆద్రియన్ సిల్వాని కొన్నారు గానీ కాయితాలు పద్నాలుగు సెకన్లు ఆలస్యం. మనిషి వచ్చాడు, జీతం తీసుకున్నాడు, జనవరి దాకా ఆడలేదు. ఆ పందెం ఎదురుగా ఓనరు "జనవరికి చూద్దాం" అని రాసి వదిలేశాడు. కొత్త సంవత్సరంలో సిల్వా ఆడడం మొదలుపెట్టాకే ఎర్రగీత పడింది. తేలని లెక్కని తర్వాతి ఏడాదికి మోసుకెళ్ళడాన్ని, అదే క్యారీ ఫార్వర్డ్‌ని, ఇంత శుభ్రంగా చూపించే క్లయింట్లు మా ఆఫీసులో తక్కువ.

ఈ కొట్టు ఎలా ఉంటుందో తెలియాలంటే విండో, అంటే క్లబ్బులు ఆటగాళ్ళని కొనుక్కోవడానికి ఇచ్చిన గడువు, మూసే రాత్రి రావాలి. 2025 సెప్టెంబరు 1, సోమవారం. ఆసారి ఇంగ్లండులో గడువు సాయంత్రం ఏడుకే, అంటే మనకి రాత్రి పదకొండున్నర. అందుకని ఓనరు షట్టరు సగం దించి లోపల లైట్లు ఉంచాడు. ఎక్కడో వినాయకుడి పందిట్లో మైకు మోగుతోంది. లోపల టీవీ కట్టేసి ఉంది, అందరి చేతుల్లో ఫోన్లు. బల్ల మీద పుస్తకం తిరగేసి, వెనక పేజీ తెరిచి, కాగితం ఎగరకుండా పంచదార డబ్బా పెట్టి ఉంది.

ఆ పేజీలో పెద్ద పద్దు న్యూకాజిల్ సెంటర్ ఫార్వర్డ్ ఇసాక్ మీద. ఇంజినీరింగ్ చదివే లివర్‌పూల్ తమ్ముడు ఆగస్టు మొదట్లో "వస్తాడు" అని పది టీలు పెట్టాడు. అప్పటికి లివర్‌పూల్ మొదటి ఆఫరుని న్యూకాజిల్ తిప్పికొట్టింది. బట్టల కొట్టు నడిపే మనిషి ఒకాయన ఉన్నాడు, చెల్సీ పక్షం, ఊరందరికీ బావ. "అమ్మరు. అమ్మితే ఆళ్ళ ఊళ్ళో ఆళ్ళే బతకనివ్వరు" అని కాదన్నాడు. నెలంతా ఇదే గొడవ. ఇసాక్ ఆడనన్నాడు, తనకిచ్చిన మాట తప్పారని ప్రకటన పెట్టాడు. బావ కదల్లేదు. అప్పటికి తేల్చేసింది మా హెడ్మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు. న్యూకాజిల్ వాళ్ళు స్టుట్‌గార్ట్ నుంచి వోల్టెమాడెని కొన్న రోజునే "ఇంకో సెంటర్ ఫార్వర్డ్‌కి అంత పోసేరంటే ఇతన్ని వదిలేసినట్టేనయ్యా. ఇక మిగిలింది రేటే" అన్నారు. అలాగే అయింది. 125 మిలియన్ల పౌన్లు, బ్రిటన్‌లో రికార్డు. బావ మాట్లాడకుండా పది టీల ఎదురుగా సంతకం పెట్టాడు.

అసలు రగడ దాని తర్వాత. అదే తమ్ముడు క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్ గుయేహి కూడా వస్తాడని రెండు ప్లేట్ల పకోడీ పెట్టాడు. రేటు కుదిరింది, మెడికల్ అయిపోయింది అని ఫోన్లన్నీ చెబుతున్నాయి. పదకొండున్నర దాటింది. గడువులోపు బేరం కుదిరిందని తెలిపే డీల్ షీటు పంపుకుంటే ఇంకో రెండు గంటలు దొరుకుతాయని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ లేవలేదు. ప్యాలెస్‌కి అతని బదులు ఆటగాడు దొరకలేదు, వాళ్ళు ఆగిపోయారు. తమ్ముడు లేచి నిలబడి "మెడికల్ అయిపోనాది గదా! మనిషి ఒళ్ళు చూపించీసుకున్నాక రానట్టెలాగవుద్ది?" అని మొత్తుకున్నాడు. ఓనరు మాట్లాడలేదు. పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు. పదేళ్ళ నాటి ఆ లైను మీద వేలు పెట్టి తమ్ముడి వైపు జరిపాడు. యునైటెడ్ మావయ్య మొహం చూడాలి అప్పుడు, డి గియా నాటి నాలుగు టీలూ వడ్డీతో తిరిగొచ్చినంత సంతోషం.

ఇలాంటి రాత్రి టీ బాగా లేదని ఎవరూ గమనించరు.

ఇక్కడ నాకు బాగా నచ్చేది, మాట ఊరికే మీద మీద పోదు. డబ్బు దగ్గరికొచ్చేసరికి నన్నే పిలుస్తారు. చెల్సీ వాళ్ళు 2023లో ఆటగాళ్ళకి ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు, ఎనిమిదిన్నరేళ్ళు కాంట్రాక్టులు ఇచ్చినప్పుడు బావ ఒకటే పొంగిపోయాడు, "నమ్మకం అంటే అదీ" అని. నేను ఆయన బట్టల కొట్టు ఏసీతోనే చెప్పాను. ఏసీ కొన్న ఏడాదే మొత్తం ఖర్చు రాసేసుకోరు కదా, ఏడాదికింత తరుగుదల వేసుకుంటారు. ఆటగాడికి కట్టిన సొమ్ము కూడా కాంట్రాక్టు ఎన్నేళ్ళయితే అన్నేళ్ళకి పంచుతారు. చెల్సీ కొన్న కైసేదోకి తర్వాత షరతుల మీద కట్టే సొమ్ము పక్కన పెడితే 100 మిలియన్ల పౌన్లు. ఎనిమిదేళ్ళకి పంచితే ఏడాదికి పన్నెండున్నర. ఐదేళ్ళకైతే ఇరవై. ఏడాదికి ఏడున్నర మిలియన్లు పద్దులో తగ్గాయి, అంతే. ఆ నమ్మకం కోచ్‌ది కాదు, అకౌంటెంటుది. అందుకే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2023లో ఎంత పొడుగు కాంట్రాక్టు అయినా పంచడానికి ఐదేళ్ళే లెక్క అంది, ఆ డిసెంబరులో ఇంగ్లండు పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బులూ అదే దారికొచ్చాయి.

బావకి ఇది అర్థమైంది గానీ రెండోది మింగుడు పడలేదు. సొంత అకాడెమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ఖరీదు ఉండదు. అమ్మితే వచ్చినదంతా ఆ ఏడాది లాభం. చెల్సీ వాళ్ళు మేసన్ మౌంట్‌ని యునైటెడ్‌కి 55 మిలియన్లకి, గాలఘర్‌ని అట్లెటికో మాడ్రిడ్‌కి పంపింది వాళ్ళు ఆడలేక కాదు, పుస్తకాల్లో వాళ్ళంత తియ్యటి సరుకు ఇంకోటి లేక. మూడేళ్ళకి 105 మిలియన్ల నష్టం దాటకూడదని 2025-26 సీజన్ దాకా ప్రీమియర్ లీగ్ రూలు. దాటితే ఏమవుతుందో ఎవర్టన్‌ని అడగాలి, 2023 నవంబరులో పది పాయింట్లు కోశారు. అప్పీలు మీద ఆరుకి తగ్గింది. రూలు పెట్టింది అప్పుల్లో మునగకుండా, జరుగుతున్నది సొంత ఊరి పిల్లల్ని అమ్ముకోవడం. ఇది చెప్పిన రోజు బావ టీ డబ్బులు నా చేత కట్టించలేదు.

కోచ్‌ల పేజీలు వేరే ఉంటాయి, అక్కడ గొంతులు ఇంకా లేస్తాయి. యునైటెడ్ మావయ్య వేళ్ళు మడిచి లెక్కపెడతాడు. ఫెర్గూసన్ 1986 నుంచి 2013 దాకా. ఆయన వెళ్ళాక మోయెస్, వాన్ గాల్, మొరీన్యో, సోల్షేర్, రాంగ్నిక్, టెన్ హాగ్, అమోరిమ్. మోయెస్‌కి ఆరేళ్ళ కాంట్రాక్టిచ్చి పది నెలల్లో పంపేశారు. టెన్ హాగ్ 2024లో ఎఫ్ఏ కప్పు గెలిచాడని కాంట్రాక్టు పొడిగించి, అక్టోబరులో తీసేశారు. "మా డిపోలో అయితే ఆ పొడిగింపు మీద సంతకం పెట్టినోడికి మెమో ఇచ్చీవోళ్ళు" అంటాడు మావయ్య. న్యాయమే.

ఓపిక పట్టాలా, తీసెయ్యాలా అన్నది ఇక్కడ నిత్యం నడిచే గొడవ. ఓపిక పక్షం వాళ్ళు నన్నే సాక్షిగా లాగుతారు. మా అర్సెనల్‌కి కోచ్‌గా ఆర్తేతా 2019 డిసెంబరులో వచ్చాడు. ఆ సీజన్ ఎనిమిదో స్థానం, తర్వాతి సీజన్ మళ్ళీ ఎనిమిదే. 2021 ఆగస్టులో మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోలూ లేక అట్టడుగున కూర్చున్నాం. తియ్యలేదు. 2022-23 నుంచి వరసగా మూడు సీజన్లు రెండో స్థానం. "రెండో స్థానం చూపించి ఓపికంటావేటక్కా" అని తమ్ముడు. ఎదుటి పక్షం కోచ్ పోస్టెకోగ్లూ పేరు తెస్తారు. టోటెన్‌హామ్‌కి 2008 తర్వాత మొదటి కప్పు తెచ్చాడు, 2025 మే నెలలో బిల్బావోలో యునైటెడ్ మీద 1-0. అదే సీజన్ లీగ్‌లో ఇరవై రెండు ఓటములు, పదిహేడో స్థానం. కప్పెత్తిన పదహారు రోజులకి తీసేశారు. సెప్టెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ పిలిచింది. ఒక్క మ్యాచ్ గెలవకుండా ముప్ఫై తొమ్మిది రోజుల్లో వాళ్ళూ పంపేశారు. మా కొట్టులో ఆ పందెం "దీపావళి దాటడు" అని రాసి ఉంది. రెండు రోజుల తేడాతో గెలిచాడు రాసినాయన.

నా మాట ఏంటంటే, ఓపిక గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. ఎవరి కోసం కొన్న ఆటగాళ్ళతో ఎవరు ఆడిస్తున్నారో చూడాలి. యునైటెడ్‌లో ఒక కోచ్ అడిగిన వాళ్ళని కొంటారు, వాళ్ళు కుదురుకునేలోపు కోచ్ మారతాడు, కొత్తాయనకి ఆ ఆట సరిపడదు. అమోరిమ్ వెనక ముగ్గురు, పక్కల్లో పైకీ కిందికీ పరిగెత్తే వింగ్‌బ్యాకులతో ఆడిస్తాడని తెలిసే తెచ్చుకున్నారు, మరి ఆ వింగ్‌బ్యాకులు అప్పుడు ఉన్నారా? లివర్‌పూల్ 2024 వేసవిలో పెద్దగా ఏమీ కొనలేదు, కియేసా ఒక్కడొచ్చి చేరాడు. పాత కోచ్ క్లాప్ జట్టుతోనే కొత్త కోచ్ స్లాట్ మొదటి ఏడాదే లీగ్ కొట్టాడు. 2025లో నాలుగు వందల మిలియన్లు దాటించి కొన్నారు, శరదృతువులో వరసగా నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఓడారు. అందుకే బదిలీల పేజీ, కోచ్‌ల పేజీ వేరువేరుగా ఉండకూడదు, పక్కపక్కన పెట్టమని ఓనరుకి చెప్పాను. "మీ ఆఫీసు పుస్తకాలు మీరు చూసుకోండమ్మా" అన్నాడు.

హెడ్మాస్టారు ఇంగ్లండు గొడవల్లో తక్కువ మాట్లాడతారు. ఆయన నోరు తెరిస్తే రహీం సాబ్. హైదరాబాదు మనిషి, బడి పంతులు, సిటీ పోలీసు జట్టుకి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఇప్పించిన కోచ్. ఇండియా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం. క్యాన్సర్‌తోనే ఆ జట్టుని నడిపించి, మరుసటి ఏడాది పోయారు. "ఆయనకి విండోల్లేవు, బేరాల్లేవు. ఉన్న కుర్రాళ్ళే" అంటారు మాస్టారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌కి ఇండియా జట్టు కోచ్ పని ఇచ్చినప్పుడు, ఇన్నాళ్ళకి మళ్ళీ మన దేశపు మనిషికి ఇచ్చారని ఆయనే అందరికీ టీ చెప్పారు. క్లబ్బు యజమానులు కోచ్ పనిలో వేలు పెడతారని ఎవరైనా విసుక్కుంటే మాత్రం మాస్టారు నవ్వుతారు. 1936లో మన విజయనగరం రాజకుటుంబపు విజ్జీ ఇండియా క్రికెట్ జట్టుకి కెప్టెనై ఇంగ్లండు వెళ్ళి, టూరు మధ్యలో లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేసిన సంగతి ఈ ఊరి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన జట్టు గురించి మాత్రం ఇక్కడ పందెం లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు ఈ మేడ మీద గంతులేశాం. తర్వాత డబ్బు కష్టాలు, ఆటగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి మకాం మార్చి పేరు కూడా మార్చుకుంది. ఆ వార్త వచ్చిన రోజు ఓనరు పుస్తకం తియ్యలేదు.

ఆడవాళ్ళు రావచ్చా అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. రావచ్చు. చాలాసార్లు నేనొక్కదాన్నే ఉంటాను, ఇంకో బ్యాంకు అమ్మాయి అప్పుడప్పుడు వస్తుంది. ఎవరూ వంకర మాట మాట్లాడరు. బూతు దొర్లితే ఒక ప్లేటు పకోడీ జరిమానా, అది కూడా పుస్తకంలోనే ఎక్కుతుంది. బాత్రూమ్ సంగతి మాత్రం అడగకండి. ఉంది, లేనట్టే. మెట్ల దగ్గర బల్బు లేదు, రాత్రి దిగేటప్పుడు ఫోను లైటు వేసుకోవాలి. బండి పెట్టడానికి కింద చోటు లేదు, గంటస్తంభం దగ్గరే ఆపి నడిచి రావడం మేలు.

ఈ మధ్య కొన్ని నచ్చడం లేదు. చెక్క బెంచీలు తీసేసి వెన్ను ఆనించడానికి లేని ప్లాస్టిక్ స్టూళ్ళు వేశాడు, ఎక్కువ మంది పడతారని. పెద్ద మ్యాచ్ రోజు టీ ఇరవై చేశాడు. దానికి కారణం అడిగితే "డిమాండు" అన్నాడు, విండోల రాత్రులు విని విని ఆ మాట పట్టేశాడు. రీల్స్ తీసుకునే కుర్రాళ్ళు ఆదివారాలు వచ్చి, పుస్తకం మీద ఫోను పెట్టి, సంతకాలు చేసేవాళ్ళ మొహాల్లోకి లైటు కొడుతున్నారు. వాళ్ళలో ఒక్కరు పందెం రాయరు. వాళ్ళని ఆపకపోతే మాస్టారు లాంటివాళ్ళు రావడం తగ్గిస్తారు, అప్పుడిక ఇది మామూలు టీ కొట్టే.

ఎప్పుడు రావాలంటే: ఆగస్టు ఆఖరి వారం, జనవరి ఆఖరి వారం, ఏ కోచ్‌నైనా తీసేసిన మర్నాడు సాయంత్రం. మామూలు రోజుల్లో ఏడు నుంచి తొమ్మిది. పైడితల్లి సిరిమాను రోజుల్లో ఆ దారిలోకి అడుగు పెట్టలేరు, కొట్టూ తియ్యడు. కొత్తవాళ్ళు ముందు వైపు బాకీల పేజీ తెరవొద్దు, చాలామందికి కోపాలొస్తాయి. కోచ్‌ల పేజీలో ఎర్రగీత పడని పద్దులు ఇంకా ఉన్నాయి, కావాలంటే మీరూ ఒక సంతకం పెట్టొచ్చు. జనవరి విండో తెరిచేలోపైనా మెట్ల మీద బల్బు వెయ్యమని ఓనరుకి మళ్ళీ చెప్పాను. "రాయమ్మా, వేస్తానా వెయ్యనా? ఎన్ని టీలు?" అని పుస్తకం తిరగేశాడు. వెయ్యడని రెండు టీలు రాశాను.